పావు రీము కాగితము

తెనాలిలో రైలు స్టేషనుకు ఆవలి సందున, ముందు గదిలో ఒక బల్లయు రెండు కుర్చీలును, వెనుక గదిలో టైపు కేసులును ఒక ట్రెడిలు యంత్రమును మాత్రమే గల చిన్న ముద్రణాలయమునకు, 1962 సార్వత్రిక ఎన్నికలు ముగిసి గోడలమీది గుర్తులు ఇంకను వెలిసిపోని దినములలో, మా చెల్లెలి శుభలేఖల ప్రూఫు దిద్దుటకై పోయి, నా వంతు వచ్చుదాక కూర్చుండవలసివచ్చిన రెండు గంటలలో నేను వినిన సంవాదమిది. వాదించినవారిలో ఒకరు ఉన్నత పాఠశాలలో ముప్పది యేండ్లు తెలుగు చెప్పి, ఉద్యోగము విరమించి, కాలువ యొడ్డుననున్న స్వగ్రామమున గ్రంథాలయ కార్యదర్శిగా కుదురుకొనిన పంతులుగారు. రెండవవాడు ఆయనయొద్దనే చదివి, ఆయన బెత్తపు రుచి యెరిగి, తండ్రి యిచ్చిన రెండెకరములమ్మి యీ యంత్రమును కొనిన ముద్రాపకుడు. గ్రంథాలయ వార్షికోత్సవమునకు జనమును పిలుచుటకును, ఇండ్లలో అటకలమీద పడియున్న పుస్తకములను గ్రంథాలయమునకు అడుగుటకును ఒక కరపత్రము వేయవలసియున్నది. పంతులుగారు వ్రాసి తెచ్చినది అరఠావులమీద నాలుగు నిండు పుటలు. ఆయన గ్రాంథికవాది, కూరలబేరమునందును ఆ భాషను విడువని పట్టుదల గలవారు. ముద్రాపకునిది వాడుక మాట. ఎవరి మాటను వారి భాషలోనే యుంచితిని.

ముద్రాపకుడు: పంతులుగారూ, తమ ప్రతి రెండుసార్లు చదివాను. తమ రచనలో తప్పు వెతికే సాహసం నాకు లేదు. కాని తమరు కోరిన 1/8 డెమ్మీ కాగితం మీద ఈ నాలుగు పుటలూ పట్టాలంటే నేను పంచాంగాలకు వాడే సన్నటైపు తీయాలి. ఆ టైపులో వత్తు ఏదో, గుడి ఏదో పంచాంగం చూసే సిద్ధాంతిగారికే తెలియాలి.

పంతులు: పట్టనిచో పాత్రను పెంచవలెను గాని పాయసమును పారబోయుదురా? 1/4 డెమ్మీ వేయుము.

ముద్రాపకుడు: ఎనిమిదో వంతు అయితే వెయ్యి కరపత్రాలకు 125 కాగితాలు, పావు రీముతో సరి. నాలుగో వంతు అయితే అర రీము. ఖర్చు సంగతి అటుంచండి. సంతలో ఒక చేత్తో కూరల సంచి పట్టుకున్నవాడికి రెండో చేతిలో నిలిచే కాగితం వేరు, రెండు చేతులా విప్పి చదవవలసిన కాగితం వేరు. మడత పెట్టిన కాగితం జేబులోకి పోతుంది, జేబులోంచి చాకలి మూటలోకి పోతుంది.

పంతులు: ఏమోయ్, కరపత్రమనగానేమో నాకు చెప్పవచ్చితివా? అమరకోశమున ఆ శబ్దమునకు ఱంపమని యర్థము. వడ్రంగి చేతిలోని దానిని మనవారు కాగితమునకు వాడుకొనిరి.

ముద్రాపకుడు: అయితే మరీ మంచిది. రంపం తెగేది పొడుగును బట్టి కాదు గదండీ, పళ్ళ పదునును బట్టి.

పంతులుగారు గొడుగు కొనతో నేలను రెండుమార్లు తట్టి, శిష్యునికి సమాధానము తోచినందుకు సంతోషించుటయా, తమకు తోచనందుకు కోపించుటయా యని తేల్చుకొనలేనివారివలె కొంతసేపూరకుండిరి.

పంతులు: పదును మాటలకు జనము చప్పట్లు కొట్టును గాని, వస్తువు నిచ్చువాడు నమ్మకమును చూచును. ఈ గ్రంథాలయమెట్లు పుట్టినదో చెప్పక పుస్తకమిమ్మని యడిగినచో, పాతకాగితముల వర్తకుడు వచ్చినాడని తలుపు వేసికొందురు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిననాటినుండి అయ్యంకి వెంకటరమణయ్యగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మొదలైనవారు ఊరూర తిరిగి నాటిన విత్తు ఇది. 1935లో పెదపాలెమునుండి పాతూరి నాగభూషణముగారు పడవలో పుస్తకములు పెట్టించి కాలువ వెంట పల్లెలకు పంపినప్పుడు, ఆ పడవ మా రేవున నిలువగా, నా తరగతి పిల్లలను గట్టుమీద వరుసగా కూర్చుండబెట్టి చదివించినవాడను నేను. ఇదంతయు చెప్పకుండుట కృతఘ్నత.

ముద్రాపకుడు: ఆ పడవ మాట వింటే ఇప్పుడే నా ఒళ్ళు పులకరించింది. కాని తమ ప్రతిలో ఆ పడవ ఎక్కడుందండీ? మూడో పుట అడుగున, 'జలమార్గసంచారగ్రంథభాండాగారము' అనే సమాసంలో మునిగిపోయి ఉంది.

నవ్వాపుకొనుటకై నేను శుభలేఖ ప్రూఫును మొగమునకు అడ్డము పెట్టుకొంటిని.

ముద్రాపకుడు: నిరుటి సంగతి చెబుతాను, కోపగించుకోకండి. అదుగో, ఆ కుర్రవాడు ఎనిమిదో తరగతి చదివాడు. నిరుడు తమ కరపత్రాలు వెయ్యీ ఒక్కొక్కటే కుడిచేత్తో యంత్రంలో పెట్టి ఎడమచేత్తో తీసినవాడు వాడే. ఏరా, నిరుడు పంతులుగారి కాగితం వేశాం, అది దేన్ని గురించిరా?

ట్రెడిలు నోరు తెరచి మూయుచుండగా, దాని లయ చెడకుండ కాలు ఆడించుచునే ఆ కుర్రవాడు తల త్రిప్పి, "ఏదో దేవుడి కల్యాణం అనుకున్నానండి. చుట్టూ పూల బార్డరు, పైన శ్రీరస్తు ఉంది గదండీ" అనెను.

పంతులు: వాడు చదువుటకై పట్టుకొనలేదు, కూలికై పట్టుకొనెను.

ముద్రాపకుడు: సంతకు వచ్చేవాడూ అంతేనండి. చదవడానికి రాడు, ఉప్పూ చింతపండూ కొనడానికి వస్తాడు. మనం వాడి దారికి అడ్డంపడి కాగితం చేతిలో పెడతాం. ఈ కుర్రవాడి చేతిలో వెయ్యిసార్లు పడ్డా ఎక్కని సంగతి వాడి చేతిలో ఒక్కసారి పడితే ఎక్కుతుందా?

పంతులు: ఈసారి అట్టి యాక్షేపణకు తావీయలేదు. 'ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయునదేమనగా' అని ఆరంభించితిని. అది తరతరముల దండోరా వాక్యము. అది చెవిని పడినంతనే ఎవడు నిలువడు?

ముద్రాపకుడు: నిలిచేది డప్పుకండి, ఆ మాటకు కాదు. డప్పు విని జనం అరుగుల మీదికి వచ్చేదాకా చాటింపువాడు కాలక్షేపానికి చెప్పే మాట అది. అసలు సంగతి ఆ తరువాత వస్తుంది. కాగితానికి డప్పు లేదు. నా దగ్గరున్న డప్పల్లా 48 పాయింట్ల టైపు. దానితో 'ఇందుమూలముగా' అని వేస్తే, డప్పు కొట్టి, ఏమీ చెప్పకుండా ఇంటికి పోయినట్టు. పైగా ఇంగ్లీషువాడికి పెద్దబడి అక్షరాలు వేరే ఉన్నాయి, చిన్నటైపులోనే వాడు కేక పెట్టగలడు. మన లిపికి ఆ సదుపాయం లేదు. సైజు పెంచాలి, లావు టైపు వాడాలి, లేకపోతే చుట్టూ ఖాళీ వదలాలి. ఈ మూడే మనకున్న గొంతులు.

పంతులు: ఖాళీ వదలుటకా కాగితము కొనుట?

ముద్రాపకుడు: ఊపిరి కోసమండి. మన అక్షరానికి పైన తలకట్టో గుడో ఉంటుంది, కింద వత్తు వేలాడుతుంది. పంక్తికీ పంక్తికీ నడుమ సీసపు లెడ్డు వేసి ఎడం చేయకపోతే, పై వరుస క్రావడి వచ్చి కింది వరుస గుడికి తగులుకుంటుంది. చత్వారమున్న కళ్ళకు అది ముళ్ళకంప. తమరు పద్యం చదివేటప్పుడు పాదం చివర ఆగరా? ఇదీ అంతే.

పద్యముతో పోల్చుటవలన పంతులుగారు కొంచెము మెత్తబడినట్లు కనబడెను. ముద్రాపకుడు ఆ యదను కనిపెట్టి, మర్యాదగానే, ఇంకొక మెట్టెక్కెను.

ముద్రాపకుడు: ఇంకొక మాట. తెలుగు వాక్యానికి క్రియ చివర వస్తుందని తమరే నేర్పారు. అంటే వాక్యం ఎంత సాగితే, చదివేవాడు చేయవలసిన పని అంత దూరం జరుగుతుంది. తమ మొదటి వాక్యం పదహారు పంక్తులు. పదహారో పంక్తిలో 'ప్రార్థించుచున్నాము' అని ఉంది. అక్కడిదాకా వచ్చేవాడెవడు? వచ్చినా, దేనికి ప్రార్థిస్తున్నారో మళ్ళీ మొదటికి పోయి చూసుకోవాలి.

పంతులు: ఆకాంక్షను నిలిపి నిలిపి తుదకు తీర్చుటయే వాక్యశిల్పమోయ్! నీవు నిత్యము అచ్చువేయుచున్న సినిమా పాటల పుస్తకములు చూడుము. కథను నడిమధ్యను, నాయిక నదిలో దూకబోవు ఘట్టమున ఆపి, తరువాయి వెండితెరపై చూడుడని వ్రాయుదురు. ఆ శేషము కొరకే గదా జనము టికెట్టు కొనుట? ఆకాంక్ష యననేమో నీకంటె వారికి బాగుగ తెలియును.

ముద్రాపకుడు: నిజమే, వాళ్ళు ఘనులు. కాని వాళ్ళు దాచేది కథను, హాలు పేరును కాదు గదండీ. రోజుకు ఎన్ని ఆటలో, ఏ హాలో, నేల టికెట్టు ఎంతో దాచి 'తరువాయి వెండితెరపై' అనలేదు. తమరు సభలో ఎవరేం మాట్లాడతారో దాచండి, నాకు అభ్యంతరం లేదు. సభ ఎక్కడో దాచకండి.

ఇచట నా యభిప్రాయమొకటి చెప్పుకొనవలెను. పాటల పుస్తకమును సాక్ష్యముగా పిలిచినవారు పంతులుగారు. సాక్షి చెప్పినది మాత్రము ఎదిరిపక్షమునకే యనుకూలించెను. అయినను, కరపత్రమున కొంత దాచవలెనను మాట ముద్రాపకుడు అంతకుమున్ను ఒప్పుకొనియుండలేదు. గుట్టు చప్పుడు కాకుండ ఇద్దరును చెరొక అడుగు జరిగిరి.

ముద్రాపకుడు: తమరే మాచేత గాంధీగారి ఆత్మకథ చదివించారు. 1896లో ఆయన దక్షిణాఫ్రికా నుంచి రాజకోటకు వచ్చి, అక్కడి మనవాళ్ళ అగచాట్లమీద ఒక చిన్న పుస్తకం వేశారు. అట్ట ఆకుపచ్చది కావడంచేత దానికి ఆకుపచ్చ కరపత్రం అని పేరు వచ్చింది. పదివేల ప్రతులు. వాటిని చుట్టి తపాలాలో వేయడానికి కూలి పెట్టలేక, పేటలో పిల్లలను పోగుచేసి, బడిలేని పొద్దుటివేళ రెండు మూడు గంటలు పని చేయించుకుని, వాడేసిన తపాలా బిళ్ళలు బహుమానమిచ్చారు. అంత శ్రద్ధగా వేసిన దానికి ఏమైంది? రాయిటరువారు దాని సారాంశం ఇంగ్లండుకు తంతి కొట్టారు; లండను ఆఫీసువారు ఆ సారాంశానికి సారాంశం తీసి నాటాలుకు కొట్టారు. అది అచ్చులో మూడు పంక్తులకు మించలేదట. ఆ మూడు పంక్తులు చూసి మండిపడ్డ దర్బను తెల్లవాళ్ళు, 1897 జనవరిలో ఆయన ఓడ దిగగానే రాళ్ళతో, కుళ్ళిన గుడ్లతో కొట్టారు. మన సంగతి మూడు పంక్తుల్లో మనం చెప్పుకోకపోతే, వాడికి తోచినట్టు ఇంకొకడు చెబుతాడండి.

పంతులు: సగము చెప్పి ఆపితివి, శేషము వెండితెరపై చూడుమనినట్లు! ఆ దినముననే పత్రికాప్రతినిధి వచ్చి యడిగినప్పుడు గాంధీగారు ఏమి చేసిరి? హిందూదేశమున చేసిన ప్రసంగములన్నియు ముందుగా వ్రాసి చదివినవి యగుటచేతను, ఆ ప్రతులన్నియు తమచెంత నుండుటచేతను, తాను కొత్తగా ఒక్క నిందావాక్యమును పలుకలేదనియు, నాటాలులో అంతకుమున్ను పలికినవి ఇంతకంటె తీవ్రమైనవనియు నిరూపించిరి. పత్రికలు ఆయన నిర్దోషి యని వ్రాసి, అల్లరిమూకను నిందించెను. మూడు పంక్తులు ఆయనను కొట్టించినవి, నాయనా. పూర్తి ప్రతి ఆయనను కాపాడినది.

ముద్రాపకుడు కొంతసేపు మాటాడలేదు. వెనుక గదిలో కంపోజిటరు స్టిక్కులో అక్షరములు పేర్చు చిటచిట మాత్రము వినబడుచుండెను.

ముద్రాపకుడు: ఒప్పుకున్నాను. రెండూ కావాలి. కాని రెండూ ఒక్కచోట ఇరికించి, మూడు పంక్తులను నాలుగు పుటల్లో కలిపేస్తే, చేతికి ఏదీ దొరకదు. అదీ నా మనవి.

పంతులు: నీ మతమున ఉత్తమమైన కరపత్రమేదో ఒకటి చూపుము.

ముద్రాపకుడు: ఉంది గాని, చూపడానికి సిగ్గుగా ఉంది. (అని సొరుగులాగి, రద్దు కాగితములలోనుండి నలిగిన గులాబి కాగితమొకటి తీసి బల్లమీద పరచెను.) ఇది ఏటా రెండు మూడుసార్లు వస్తుంది. ఏదో గుడిలో పాము ప్రత్యక్షమై పూజారితో మనిషి భాష మాట్లాడిందట. ఈ కాగితం చదివినవాడు పది రోజుల్లో వెయ్యి కాగితాలు వేయించి పంచితే ధనలాభమట. చించి పారేసినవాడికి కొడుకు పోయాడట. బ్లాకు లేదు, బార్డరు లేదు, కాగితం నాసిరకం, పంక్తికి రెండు తప్పులు. అయినా ఇంతలా పనిచేసే కాగితం నా చేతిమీదుగా ఇంకొకటి పోలేదు. చదివినవాడికి తను ఏం చేయాలో, ఎన్ని చేయాలో, ఎన్నాళ్ళలోపల చేయాలో, చేస్తే ఏమిటో, చేయకపోతే ఏమిటో ఒక్క సందేహం మిగలదు. చదివినవాడే మర్నాడు నాకు ఖాతాదారు.

పంతులు: ఛీ! దీనిని నీవు అచ్చువేసితివా?

ముద్రాపకుడు: మొదటివాడిని పొమ్మన్నాను. వాడు పక్క ప్రెస్సుకు పోయాడు. రెండోవాడికి వేశాను. కుటుంబం ఉన్నవాణ్ణి, పంతులుగారూ.

పంతులు: అది కరపత్రము కాదు, బెదిరింపు జాబు. అడుగుటకును బెదిరించుటకును భేదము లేదా?

ముద్రాపకుడు: ఉంది. అందుకే అంటున్నాను, పనసపండు కోసేవాడు చేతికి నూనె రాసుకున్నట్టు రాసుకుని, జిగురంటకుండా తొనలు తీసుకుందాం. భయం మనకొద్దు. కాని ఆ లెక్క కావాలి. తమరు 'గ్రంథదానము గావించి విద్యాభివృద్ధికి తోడ్పడుడు' అని రాశారు. చదివినవాడు బాగుందని తల ఊపి ఊరుకుంటాడు. 'వచ్చేటప్పుడు ఒక్క పుస్తకం తెండి' అంటే, ఇంటికి పోయి అటక మీదికి చూస్తాడు.

పంతులుగారు ఆ గులాబి కాగితమును మరల చదివిరి. తప్పులు దిద్దుటకై ఆయన చేయి జేబులోని కలమువైపు పోయి ఆగుట నేను చూచితిని.

పంతులు: సరే. ఇప్పుడు నా మాట వినుము. నీవు మొదటినుండియు కన్నునే కొలుచుచున్నావు, పాయింట్లు, ఖాళీలు, లెడ్లు అనుచు. మా యూర కరపత్రమును చదువువాడు ఒక్కడు, వినువారు పదిమంది. మంగలి దుకాణమున గడ్డము గీయించుకొనుచున్నవాడు చదువును. కత్తి పట్టినవాడు వినును. రావిచెట్టు క్రింద బడిపిల్లవాడు చదువును; ముసలివారు విందురు. విన్నవాడు మరునాడు ఇంకొకనికి చెప్పునది నీ పాయింట్లను కాదు, చెవిలో నిలిచిన మాటను. మాటకు లయ లేక, ప్రాస లేక, బిగువు లేక నీ మూడు పంక్తులు చెవిలో ఎన్నాళ్ళు నిలుచును? సామెతలు ఎవడు పెద్దటైపున వేసి పంచినాడని ఇంతకాలము బ్రతికినవి?

నా లెక్కలో ఆ మధ్యాహ్నమున పలుకబడిన మాటలన్నింటిలో గట్టిది ఇదియే.

ముద్రాపకుడు: ఇది నాకు తట్టలేదు. (కొంత తడవాగి) నా చేతిలో టైపుంది, మాట లేదు. అలాంటి మాట ఒక్కటి తమరే ఇప్పించండి. ఒక్కటి చాలు.

పంతులుగారు కన్నులు మూసికొని, గొడుగు పిడిమీద గడ్డమానించి, పెదవులు కదపుచు చాలసేపుండిరి. కుర్రవాడు ట్రెడిలాపి మంచినీళ్ళు త్రాగివచ్చెను.

పంతులు: వ్రాసికొనుము. 'చదివిన పుస్తకము చెదలకు పెట్టకుడు. చదువని చేతికి పెట్టుడు.'

ముద్రాపకుడు: ఓహో! పంతులుగారూ, ఇదండీ! ఒక్క మనవి. 'పుస్తకం' అని, 'పెట్టకండి' అని, 'పెట్టండి' అని వేస్తే?

పంతులు: (దీర్ఘముగా నిట్టూర్చి) చ-ద-వ, చె-ద-ల, ఈ అక్షరమైత్రి చెడదు. కానిమ్ము. అయితే దాని క్రింద నా పేరు వేయకుము.

ముద్రాపకుడు: పేర్లంటే గుర్తుకొచ్చింది. తమ ప్రతిలో ఇరవైమూడు పేర్లున్నాయి. అధ్యక్షులు, ఉపాధ్యక్షులు, వక్తలు, దాతలు, పందిరి వేయించినవారు. వీటికే సగం కాగితం పోతుంది. పేరున్నవాడు తన పేరుదాకా చదువుతాడు, లేనివాడు అసలు చదవడు.

పంతులు: ఇక్కడ నీకు లోకజ్ఞానము లేదనవలసివచ్చును. పేరున్నవాడు పది కాగితములు చంక నిడుకొనిపోయి వియ్యపువారికి, బాకీదారులకు, పొలము కౌలుదారులకు చూపును. నీ ఖాళీ స్థలమును చంక నిడుకొని పోవువాడెవడు? ఇంతకును ఒక్క పేరు తప్పిపోయినచో ఆ యింటి పుస్తకములు రావు, ఆ వీధి జనము రాదు; మరుసటియేడు గ్రంథాలయమునకు రెండవ కార్యదర్శి పుట్టుకొనివచ్చును.

ముద్రాపకుడు: అయితే అడుగున, సన్నటైపులో, ఒక్క పేరా కింద కలిపి వేస్తాను. బిరుదులు తీసేద్దాం.

పంతులు: బిరుదులుండవలెను.

ముద్రాపకుడు: ఉండనివ్వండి.

తేదీ విషయమున తగవు లేకపోయెను. పంతులుగారి ప్రతిలో 'రాబోవు ఆదివారము' అనియుండగా, సంచిలో పడియుండి మరుసటి వారము బయటపడిన కాగితమునకు రాబోవు ఆదివారమేదని ముద్రాపకుడడిగెను. 'నేడే చూడండి' యని సినిమావారు వేయుదురు గాని, జట్కాలోనుండి బాజాలతో విసరి సాయంకాలమునకే పని ముగించుకొను కాగితమునకు అది చెల్లును. వారము దినములు ఊళ్ళు తిరుగవలసిన దానికి చెల్లదు. పంతులుగారు వెంటనే అంగీకరించి, తేదీయు వారమును మాత్రమే కాక తిథిని గూడ చేర్చవలెననిరి. పల్లెలో తేదీతో పని లేని ముసలివారికి తిథియే తేదీ. చోటునకు గ్రామము పేరొక్కటి చాలదనియు, లాకుల ప్రక్కనున్న పెంకుటిల్లు అని వేయవలెననియు ఇద్దరును ఒక్కమారే అనిరి. సరస్వతీదేవి ఛాయాచిత్రపు బ్లాకు వేయవలెనని పంతులుగారికి కోరిక. సన్నని చుక్కలతో చేసిన ఆ బ్లాకు నాసి కాగితముమీద సిరా పీల్చి అలికినట్లగుననియు, నిరుడు అమ్మవారి మొగము ఆ విధముగానే నల్లబడినదనియు, గీతలతో చెక్కిన బ్లాకైనచో నిలుచుననియు ముద్రాపకుడు చెప్పగా, అట్టి బ్లాకు లేదు గనుక బొమ్మయే మానివేసిరి. రంగు విషయమున మాత్రము విచిత్రముగా సంధి కుదిరెను. పసుపు కాగితముమీద నల్ల సిరా లాంతరు వెలుతురున సైతము స్పష్టముగా కనబడునని ముద్రాపకుడు, పసుపు శుభప్రదమని పంతులుగారు. ఎఱ్ఱ సిరా కావలెనన్నచో అన్ని కాగితములును రెండవసారి యంత్రమున పెట్టి తీయవలెనని తెలిసిన పిదప దాని ప్రసక్తి మరల రాలేదు.

పంతులు: చోటు చాలదు చాలదని నన్ను నరకితివి గదా, అడుగున నీ ప్రెస్సు పేరును ఊరి పేరును ఎందులకు? ఉచితముగా ప్రకటన వేసికొనుటకా?

ముద్రాపకుడు: అది నా ముచ్చట కాదండి, చట్టం. 1867 నాటి చట్టం ప్రకారం అచ్చయిన కాగితం మీద అచ్చు వేసినవాడి పేరూ ఊరూ ఉండి తీరాలి. మొన్న ఎన్నికలకైతే ఇంకా బిగించారు. 1961లో ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127-ఎ అని ఒక సెక్షను చేర్చారు. ఎన్నికల కరపత్రం మీద వేసినవాడి పేరూ, వేయించినవాడి పేరూ, చిరునామాలతో సహా ఉండాలి. వేయించేవాడు సంతకంచేసిన పత్రం ఇవ్వాలి, వాడిని ఎరిగిన ఇద్దరు దాన్ని ధ్రువపరచాలి, ఒక ప్రతి కలెక్టరుగారికి పంపాలి. తప్పితే ఆరు నెలలదాకా జైలు, లేదా రెండువేలదాకా జుల్మానా, లేదా రెండూను. చీకట్లో గోడమీద బూతులు రాసిపోయినట్టు కాగితం పంచడానికి వీల్లేదన్నమాట.

పంతులు: ఆ పాము కాగితముమీద నీ పేరున్నదా?

ముద్రాపకుడు బదులు చెప్పక, బల్లమీద పరచియుండిన గులాబి కాగితమును మడచి సొరుగున పెట్టెను. ఆ కాగితము అడుగున ఏమున్నదో నేను చూడలేదు.

అంతట కంపోజిటరు, పెద్దటైపులో రెండు పంక్తులు, నడిమి టైపులో నాలుగు పంక్తులు, సన్నటైపులో ఇరువదిమూడు పేర్లు కూర్చి, గ్యాలీలో బిగించి, రోలరుతో సిరా పూసి, తడి కాగితముపై ప్రూఫు తీసి తెచ్చెను. పైన: చదివిన పుస్తకం చెదలకు పెట్టకండి, చదవని చేతికి పెట్టండి. దాని క్రింద: తేదీ, వారము, తిథి, లాకుల ప్రక్క పెంకుటింటిలో గ్రంథాలయ సభ, వచ్చేటప్పుడు ఒక్క పుస్తకం తెండి. అటుపిమ్మట పడవ, ఒక్క వాక్యమున: 'పుస్తకాల పడవ ఆగిన రేవు మనది.' ఈ వాక్యము ముద్రాపకుడే చేర్చినాడు. పంతులుగారు కళ్ళద్దములు తుడుచుకొని, ప్రూఫును చేతిదూరమున పట్టుకొని చదివి, వ్యాకరణదోషము లేదనిరి.

కాగితము త్రిప్పి చూచి ఆయన, "ఈ ప్రక్క ఖాళీగా నున్నది గదా" అనిరి.

ముద్రాపకుడు అరఠావులవైపు చూచి, పంతులుగారి వైపు చూచి, పలుచని కాగితమైనచో వెనుకటి యచ్చు ముందునకు కనబడును గనుక కొంచెము దళసరి కాగితము తెప్పించవలెననెను. నాలుగు పుటలు ఒకటిన్నరకు దిగినవి, 'జలమార్గసంచారగ్రంథభాండాగారము' దిగలేదు. 1914 మొదలు సమస్త చరిత్రయు, గ్రాంథికముననే, ఒక్క అక్షరము వాడుక తగులకుండ వెనుక ప్రక్కన అచ్చుపడినది. రెండవ ప్రక్క అచ్చుకు ముద్రాపకుడు కూలి విడిగా పుచ్చుకొనెను, పంతులుగారు బేరమాడలేదు.